డబ్బా కాడి కాపలా

మొన్న గుడి మెట్ల దగ్గర ఒకావిడ నన్ను పక్కకు పిలిచింది. వాళ్ల అమ్మ ఈమధ్య అన్నం తినీ తినలేదంటోందట. పొద్దుగూకితే మా ఇంటికి పోతానని మూట కడుతోందట. "మీ అత్త కూడా ఇలాగే సేసీవోరంట కదా, మీరేటి సేసినారు?" అని అడిగింది. రెండు మాటలు చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చాక ఆ రెండూ చాలవనిపించింది. సగం ఆవిడ కోసం, సగం నా మనసు కుదుటపడడం కోసం ఇది రాస్తున్నాను. గండం గడిచింది గనక రాయగలుగుతున్నాను. అప్పుడైతే ఏం జరుగుతోందో అర్థం చేసుకునే లోపలే ఇంకొకటి జరిగేది.

మేం బర్మాలో, మా పెద్దలు రంగం అనే యాంగోన్‌లో, లమ్మడా పేటలో, నాలుగో అంతస్తులో ఉంటాం. కింద వీధిలో మా ఇంటాయన గోనెసంచుల దుకాణం. ఇంట్లో ముగ్గురమే: ఆయన, నేను, మా అత్త నరసమ్మ. అత్త వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. అత్త పుట్టింది ఇక్కడే, అహ్లోన్‌లో నది ఒడ్డున, బియ్యం మిల్లు కూలీల లైన్‌లో. నన్ను కోడలిగా తెచ్చుకున్న నాటి నుంచి పల్లెత్తు మాట అనలేదు. నేను దేవుడికి చెప్పుకోవాల్సిన కృతజ్ఞతల్లో అది మొదటిది. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే, అటువంటి మనిషికి నేనేం చేశానో తర్వాత రాయాలి.

అది మాయరోగానికి భయపడి ఊరంతా తలుపులేసుకున్న ఏడాది. కార్తీకమాసం వచ్చింది. గుడి మూసేశారు. నదికి వెళ్లి అరటిదొప్పలో దీపం వదలడానికి లేదు. అత్త ఇంట్లోనే వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి, దొప్ప వదిలి, దండం పెట్టుకుంది. పావుగంటకి ఇంకో గిన్నె తెచ్చింది. మూడోసారి కూడా తెస్తుంటే, వదిలేశావు కదా అత్తా అన్నాను. "అది నిన్న వదిలినాను. నేటిది వదలొద్దేటి?" అని నన్నే వేళాకోళం చేసింది. నేనూ ఆయనా నవ్వుకున్నాం. దేవుడి పనే కదా, ఎన్నిసార్లు చేస్తే అంత పుణ్యం అనుకున్నాం.

ఈ ఊళ్లో చలి ఎంతని. తెల్లారగట్ల ఒక దుప్పటి చలి, ఎండొస్తే పోతుంది. ఆ ఏడు అది మా అత్త ఎముకల్లోకి దిగింది. స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, రంగంలో మంచు పడుతోంది, గొడుగేదీ అని అడిగేది. మా ఆడపడుచు మౌల్మేన్ నుంచి ఫోన్ చేసి, అమ్మ తన దగ్గరున్నప్పుడు ఇలాంటివేవీ లేవని, వేళకి తిండి పెడితే ఎవరికైనా బుర్ర సరిగ్గానే ఉంటుందని అంది. ఆ మాటకి రెండు రోజులు అన్నం సయించలేదు నాకు. తర్వాత అదే ఆడపడుచు సొంతంగా అల్లిన ఊలు టోపీ, చిన్న స్వెట్టరూ బస్సులో పంపింది. స్వెట్టరు అత్తకి పట్టలేదు. కూతురి మనసులో ఉన్న అమ్మ కొలత అది కాబోలు అనుకుని దాచిపెట్టాను. ఆ స్వెట్టరు ఎందుకు పనికొచ్చిందో తర్వాత చెబుతాను.

కార్తీకం చివరి వారంలో, వంటింట్లో ఉండగా నార కాలిన వాసన వచ్చింది. ముందుగదిలో మా సరుకు, గోనెసంచుల కట్టలు, నడుమెత్తున పేర్చి ఉంటాయి. వాటి మీద, సరిగ్గా మధ్యలో, వెలిగించిన దీపం పెట్టి అత్త దండం పెడుతోంది. సంచి అంచు ఎర్రగా కాలి వంకర తిరుగుతోంది. తడిగుడ్డ వేసి ఆర్పాను. అత్త తిరిగి చూసి, చాలా మర్యాదగా అడిగింది. "ఎవులమ్మా నువ్వు? ఏ లైనోల్ల పిల్లవి?"

ఇరవై రెండేళ్లు ఒకే కుండలో వండుకు తిన్నాం. నీ కోడల్ని అత్తా, గౌరిని అన్నాను. ఆవిడ తల ఊపింది, నమ్మినట్టు కాదు, నా మనసు కష్టపెట్టడం ఇష్టం లేనట్టు.

ధనుర్మాసంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లగలిగాం. అక్కడ కుర్చీ వదిలి కుర్చీకి టేపు అడ్డంగా అంటించారు. తలుపులు తీసి, పైన పంకాలు తిప్పుతున్నారు. అత్త వణుకుతోంది. ఎదురు కుర్చీలో ఒక బర్మా పెద్దాయన, పక్కన ఆయన భార్య. ఆయన లేచి తన కోటు విప్పి, దూరం నుంచే చెయ్యి చాపి ఇచ్చాడు. మేం కూచున్న రెండు గంటల్లో ఆ భార్య ఆయన్ని ఎన్నిసార్లు అడిగిందో, మీరెవరండీ అని. ఆయన ప్రతిసారీ ఒకే గొంతుతో, మీ పక్కింటివాణ్ణి, తోడొచ్చాను అని చెప్పాడు. నేను వింటున్నానని గమనించి, భర్తనంటే భయపడుతుంది, పక్కింటివాణ్ణంటే చెయ్యి పట్టుకోనిస్తుంది అన్నాడు. ఆ జబ్బు కన్నా ఆ మాట నన్ను ఎక్కువ కలవరపెట్టింది. నిండు జీవితం కలిసి గడిపిన భార్య దగ్గర మనిషి అంత తేలిగ్గా అబద్ధమాడుతున్నాడే అనుకున్నాను. ఆ కోటు మా ఇంటికే వచ్చేసింది. తిరిగివ్వడానికి ఆయన పేరైనా అడగలేదు నేను.

డాక్టరు ఎక్కువ చెప్పలేదు. పోయింది తెచ్చే మందు లేదు. ఒళ్లు వెచ్చగా ఉంచండి. మసక పడకముందే దీపాలు వేయండి. ఎక్కడి వస్తువు అక్కడే ఉంచండి. ఆవిడ ఏదన్నా, లేదు, కాదు అని వాదించకండి.

మొదటి మూడూ చేశాను. నాలుగోది నా వల్ల కాలేదు. మా నాన్న నన్ను బడికి పంపలేదు. అక్షరాలు, లెక్కలు, పంచాంగం చూడడం, అన్నీ ఇంట్లోనే నేర్పాడు. వాటితో పాటు ఒక నియమం కూడా నేర్పాడు. అబద్ధమాడిన నోటితో ఆ పూట దేవుడికి నైవేద్యం పెట్టకూడదని. పెళ్లయి వచ్చాక కూడా దాన్ని తప్పలేదు నేను. అందుకని అత్త మా అయ్య వచ్చాడా అని అడిగితే, మీ అయ్య పోయి నలభై ఏళ్లయింది అత్తా అని నిజమే చెప్పేదాన్ని. విన్న ప్రతిసారీ ఆవిడ, తండ్రి అప్పుడే పోయినట్టు ఏడ్చేది. నేను నైవేద్యం పెట్టుకునేదాన్ని.

పుష్యమాసంలో ఒక తెల్లవారి ఫోన్లు పలకలేదు. ఆయన కిందికి వెళ్లి, కాసేపటికి మెట్లెక్కి వచ్చి, చెప్పులు విప్పకుండానే సంచుల మీద కూలబడ్డాడు. మిలిటరీ వాళ్లు దేశాన్ని చేతుల్లోకి తీసుకున్నారట. ఆ పొద్దున మా ఇంట్లో టీ తాగింది అత్త ఒక్కతే.

మర్నాటి సాయంత్రం సరిగ్గా ఎనిమిదింటికి నేను దేవుడి మూల దీపం ఎగదోస్తున్నాను. ఒక్కసారిగా వీధి వీధంతా గిన్నెలు, మూకుళ్లు, రేకు డబ్బాలు మోగాయి. ప్రతి వసారాలోనూ మనుషులు నిలబడి కొడుతున్నారు. ఇంట్లో చేరిన పీడని గిన్నెలు కొట్టి తరమడం బర్మావాళ్ల పాత ఆచారం. ఊరంతా కలిసి ఆ మిలిటరీని అలా తరుముతున్నారు. ఇది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం చేతిలో ఒత్తి పట్టుకుని కొయ్యబారిపోయాను. తిరిగి చూస్తే అత్త కుర్చీలో లేదు. చెయ్యి పట్టుకుంటే గాని లేవని మనిషి, తలుపు తీసుకుని మెట్లు దిగిపోతోంది.

రెండో అంతస్తులో డా తిన్ అని, నూడుల్స్ అమ్ముకునే బర్మా పెద్దావిడ ఉంటుంది; డా అంటే ఇక్కడ పెద్దావిడల్ని పిలిచే గౌరవపు మాట. నన్ను తమీ అంటుంది, కూతురా అని. ఆవిడ చేతిలో మూకుడు పక్కన పడేసి అత్తని పట్టుకుంది. నేను వెళ్లేసరికి అత్త గింజుకుంటోంది. "నిప్పు, బేగి దిగండర్రా. గుంటడు అటక మీద తొంగున్నాడు."

నిప్పు లేదు అత్తా, మనింట్లో ఏ పిల్లాడూ లేడు, జనం ఊరికే కొడుతున్నారు అన్నాను. నా చెంప మీద ఒక్కటేసింది. ఇరవై రెండేళ్లలో మొదటి దెబ్బ. నొప్పి లేదు. కానీ ఆ చూపు, పసివాణ్ణి మంటల్లో వదిలేసిన దాన్ని చూసినట్టు నన్ను చూసిన చూపు, నేను మోయలేకపోయాను.

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం ఎనిమిదింటికి మా ఇంట్లో నిప్పంటుకునేది. పదిహేను నిమిషాలు. తలుపులు బిగించాం. ఊలు టోపీ చెవుల మీదికి లాగాం. భజనలు పెద్దగా పెట్టాం. ఏదీ పని చేయలేదు. కొట్టడం ఆపమని ఎవరిని అడుగుతాం? వాళ్లకి ఉన్నది అదొక్కటే. ఆయన తల్లిని వాటేసుకుని ఆపబోతే మణికట్టు కొరికింది. మూడో రోజుకో నాలుగో రోజుకో ఆయన, "నాను సూళ్లేను గౌరీ" అని వంటింట్లోకి పోయి, కొళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో నిలబడ్డాడు. నాకు కోపం వచ్చింది. ఆవిడ నీకు అమ్మ కాదా అని అడిగాను. అమ్మ గనకనే అన్నాడు.

మాఘం వచ్చేసరికి ఎనిమిది తర్వాత వీధిలో మనిషి కనబడకూడదన్నారు. మిలిటరీ లారీలు తిరుగుతున్నాయి. మా వరండా నుంచి వీధిలోకి వేలాడే తాడు ఒకటుంటుంది, పైన గంట, కింద క్లిప్పు. ఈ ఊళ్లో ప్రతి ఇంటికీ ఉంటుంది. కూరలూ కాగితాలూ దానికే తగిలిస్తారు, గంట మోగితే లాక్కుంటాం. జబ్బు భయం నాటి నుంచీ మాకు లోకంతో సంబంధం ఆ తాడే. ఒక సాయంత్రం గంట మోగింది. డా తిన్ వేడి పులుసు తగిలించింది. పైకి లాగి, గిన్నె వంటింట్లో పెట్టి వచ్చే లోపల కొట్టడం మొదలైంది. ఇనుప కటకటాల తలుపుకి తాళం వేయలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అత్త ఈసారి వీధి దాకా పోయింది. నేను మెట్ల మలుపులో ఉండగానే చూశాను. వీధి మొగలో లారీ ఆగి ఉంది. టార్చిలైటు వెలుగు అత్త తెల్ల జుట్టు మీద పడింది. ఆవిడ ఆ వెలుగుని చూసి, నిప్పు అటుందనుకుని, అటే నడుస్తోంది. డా తిన్ వెనక నుంచి పరుగెత్తి, స్వెట్టరు చెయ్యి పట్టి లాగి, ఆ సైనికుడితో బర్మాలో చెప్పింది. "మా అమ్మ, బాబూ. మతి లేదు. నేనే తలుపు వేయడం మరిచాను." వెలుగు ఇద్దరి మొహాల మీదా కాసేపు ఆగింది. ఒక బర్మా మొహం, ఒక తెలుగు మొహం. ఎవరికెవరు అమ్మో చూస్తే తెలియదా. ఆ కుర్రవాడు ఏమనుకున్నాడో, లైటు తిప్పేసుకున్నాడు. వాడికి కూడా ఇంట్లో ఎవరో ఉండి ఉంటారు. వాడికి కూడా దండం పెట్టుకుంటాను నేను.

డా తిన్ అత్తని పైకి తెచ్చి కూర్చోబెట్టింది. కోప్పడలేదు. వెళ్తూ మాత్రం, "తమీ, రేపు నేను ఆ టైముకి కింద ఉండకపోవచ్చు" అంది.

మర్నాడు నేను అత్తని కట్టేశాను. రాయక తప్పదు. పాత నూలు చీర చింపి, మెత్తగా మడిచి, ఏడున్నరకి కుర్చీ చేతులకి ఆవిడ చేతులు కట్టాను. ఆయనకి చెప్పలేదు. మెత్తటి చీరే కదా, పదిహేను నిమిషాలే కదా అనుకున్నాను. ఎనిమిదైంది. కొట్టడం మొదలైంది. అత్త ఒకసారి లేవబోయింది, రెండుసార్లు లేవబోయింది. చేతులకేసి చూసుకుంది. తర్వాత నా మొహంలోకి చూసి, పెద్దింటి మనిషిని బతిమాలుకున్నట్టు అంది.

"నన్ను కట్టీ తల్లీ, పరవాలేదు. నీకు దండవెడతాను. ముందు గుంటడ్ని దించీ."

దండం పెట్టడానికి చేతులు లేవవు కదా. వేళ్లు మాత్రం దగ్గరికి తేవాలని చూసింది.

ఆయన వంటింట్లోంచి వచ్చి ఆ ముడులు విప్పాడు. ఆ పూట నేను అబద్ధమాడలేదు. అయినా నైవేద్యం పెట్టలేకపోయాను. నిజం మాత్రమే చెప్పే నోరుంది నాకు, చేతులు చూస్తే ఇలాంటివి.

పొద్దున ఎండలో కూర్చోబెడితే అత్త కొంత తేరుకునేది. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, ఏదడిగినా పొద్దున అడగండి. సాయంత్రం అడగకండి. ఆ పొద్దున టీ చేతికిచ్చి, గుంటడెవరు అత్తా అన్నాను. "మా తమ్ముడు కాదేటి" అంది, నాకు తెలియకపోవడం వింతగా ఉన్నట్టు.

అప్పుడు చెప్పింది, నిన్న జరిగినట్టు. మిల్లు కూలీల లైన్లో, వరస ఇళ్ల చివర ఒక ఖాళీ కిరసనాయిలు డబ్బా వేలాడదీసేవారట. చలికాలం అందరూ ఊకనిప్పు పెట్టుకుంటారు కదా, అందుకని వంతులవారీగా ఒకరు ఆ డబ్బా దగ్గర కాపలా. నిప్పు కనబడితే కొట్టాలి. మిగతావాళ్లు అటక మీద పడుకున్న పిల్లల్ని దించాలి, నీళ్లు మోయాలి. డబ్బా దగ్గర మనిషి మాత్రం కదలకూడదు. ఇంకొకరు వచ్చి, చేతిలో కర్ర అందుకుని, నేనున్నాను అని చెప్పేదాకా కొడుతూనే ఉండాలి. ఆ మనిషి కదిలితే చివరి ఇళ్లకి తెలియదు. ఒక సాయంత్రం వాళ్ల అయ్య, చుట్ట తెచ్చుకొస్తానని తొమ్మిదేళ్ల నరసమ్మ చేతిలో కర్ర పెట్టి వెళ్లాడట. అప్పుడే నిప్పంటుకుందట.

"నాను కదల్లేదు" అంది అత్త. "కొడతానే ఉన్నాను. అమ్మేమో అయ్య దించుతాడనుకుంది. అయ్యేమో అమ్మ దించుతాదనుకున్నాడు. నాను ఎవులో దించుతారనుకున్నాను." టీ ఒక గుక్క తాగింది. "పంచదార ఏసినావేటి ఇందులో?"

ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు. యాభై నాలుగేళ్ల మనిషి, తనకొక మేనమామ ఉండేవాడని ఆ రోజు తెలిసింది.

ఆ సాయంత్రం నేనేం చేయబోతున్నానో నాకు తెలుసు. మధ్యాహ్నమే ఆయనతో, ఇవాళ్టి నుంచి నైవేద్యం మీరు పెట్టండి అన్నాను. ఎందుకని అడగలేదు. ఏడూ యాభైకి పాత బిస్కెట్ల డబ్బా బోర్లించి అత్త ఎదుట స్టూలు మీద పెట్టాను. అప్పడాల కర్ర చేతిలో పెట్టాను. వీధి మోగగానే చెప్పాను. "అత్తా, నిప్పంట. నువ్వు డబ్బా కాడుండు. గుంటడ్ని నాను దించుతాను."

అత్త నడుం నిటారైంది. కొట్టడం మొదలుపెట్టింది. ఊరంతా ఎడాపెడా కొడుతోంది. ఆవిడ మాత్రం మూడు దెబ్బలు, ఒక విరామం, మళ్లీ మూడు. నేను లోపలి గదిలోకి వెళ్లి, నిలబడి, వచ్చాను. దించేశానని చెప్పాను.

"సొక్కా ఉందా ఒంటి మీద? సలి."

"నా సెంగులో సుట్టేసినాను అత్తా."

తల ఊపి, కొడుతూనే ఉంది. వీధి ఆగింది, ఆవిడ ఆగలేదు. కర్ర అందుకోబోతే వదల్లేదు. అప్పుడు ఆయన, పది రోజులుగా ఆ పావుగంట వంటింట్లో దాక్కున్న మనిషి, వచ్చి మోకాళ్ల మీద కూర్చుని కర్ర రెండో కొస పట్టుకున్నాడు. "నానున్నానమ్మా." వేళ్లు విడిపోయాయి. ఆ రాత్రి ముగ్గురం నిద్రపోయాం.

అలా నెల గడిచింది. రోజూ సాయంత్రం నేను అబద్ధమాడేదాన్ని, ఆయన నైవేద్యం పెట్టేవాడు. కోటిచ్చిన పెద్దాయన గుర్తొచ్చేవాడు. అబద్ధం తేలికని నేనెందుకు అనుకున్నానో. కొన్నాళ్లకి డా తిన్ కూడా కింద నుంచి మూడేసి దెబ్బలు కొట్టి ఆగడం మొదలుపెట్టింది. పైన అఫ్వాకి తోడుగా అని చెప్పింది. అఫ్వా అంటే అమ్మమ్మ.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది గాని, మా అత్త ఒంట్లోంచి పోలేదు. నడివేసవిలా ఎండ కాస్తున్నా కాళ్ల దగ్గర వేడినీళ్ల రబ్బరు సంచి ఉండాల్సిందే. శివరాత్రి వెళ్లిన నాలుగో రోజు మధ్యాహ్నం తాడు గంట మోగింది. లాగితే క్లిప్పుకి ఉల్లికాడల కట్ట, దానిలో మడిచిన చీటీ. ఇవాళ ఎవరూ కొట్టడం లేదు, సైనికులు వీధిలోనే ఉన్నారు, చప్పుడు వచ్చిన ఇంటికి ఎక్కుతున్నారు, అఫ్వా జాగ్రత్త అని డా తిన్ రాసింది.

డబ్బా మంచం కింద దాచాను. కర్ర వంటింట్లో పెట్టాను. ఎనిమిదైంది. గోడ గడియారం చూసే తెలివి అత్తకి పోయి చాలా కాలమైంది. అయినా నిటారుగా కూర్చుంది. బయట నిశ్శబ్దం. అలాంటి నిశ్శబ్దం ఆ వీధిలో నేనెప్పుడూ వినలేదు. బూట్ల చప్పుడు ఒక్కటే, మా కిటికీ కింద నుంచి.

"ఎవులూ కొట్టలేదేటి?" అంది అత్త. "డబ్బా ఏదీ?"

ఇవాళ వద్దు అత్తా అన్నాను మెల్లగా. అంతే, మళ్లీ వద్దు అనేశాను, ఇన్నాళ్లు నేర్చుకున్నదంతా మరిచి. ఆవిడ వంగి, తిన్న కంచం తీసుకుని, టీ గ్లాసుతో దాని మీద కొట్టింది. ఒకటి. రెండు. మూడు.

స్టీలు చప్పుడు ఆ వీధి చివరిదాకా పోయి ఉంటుంది. కింద బూట్లు ఆగాయి. ఆయన లేచాడు. ఆయన చెయ్యి తల్లి నోటి వైపు పోవడం చూశాను. నోరు మూసినందువల్ల కంచం ఆగుతుందా? ఆ చెయ్యి ఏం చేస్తోందో ఆయనకి తెలుసా? విరామం అయిపోబోతోంది. నేను ఆయన చేతికీ ఆవిడకీ మధ్య నేల మీద కూర్చున్నాను.

"అత్తా, నిప్పు ఆరిపోనాది."

గ్లాసు గాలిలోనే ఆగింది. "ఎవులు సెప్పినారు?"

"లైనంతా దిగిపోనారు."

"గుంటడు?"

"నా కాడున్నాడు."

"సూపీ" అంది. ఇన్ని రోజుల్లో ఎప్పుడూ అడగలేదు చూపించమని.

నా చెయ్యి తనంతట తాను ఆవిడ దుప్పటి కిందికి పోయింది. అప్పుడే నింపిన రబ్బరు సంచి తగిలింది. మా ఆడపడుచు అల్లిన ఆ పట్టని స్వెట్టరుని దానికి తొడిగి వాడుతున్నాను, కాళ్లు కాలకుండా. తీసి నా చెంగులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. తొంగున్నాడు, లేపకు అన్నాను. అత్త కంచం వదిలి, వంగి, ఆ ఊలు మీద అరచెయ్యి పెట్టింది. స్వెట్టరు చెయ్యి ఒకటి తడిమి సర్దింది.

"యెచ్చగున్నాడు" అంది.

నేను చెయ్యి చాపాను. "నానున్నాను అత్తా."

చాలాసేపు చూసింది నన్ను. ఎవరినని చూసిందో తెలియదు. గ్లాసు నా చేతిలో పెట్టింది.

కింద బూట్లు కదిలాయి. వీధిలో అవతలెక్కడో ఇంకొక తలుపు మీద కొట్టారు. అది మా తలుపు కాదని తెలిసిన క్షణంలో నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషానికి ఇవాళ్టికీ క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఎవరి తలుపో తెలుసుకునే ధైర్యం మాకు కలగలేదు.

ఆ తర్వాత గిన్నెల చప్పుడు రోజు విడిచి రోజు, వారానికొకసారి, అలా సన్నగిల్లింది. మా అత్త కూడా సన్నగిల్లింది. ఇది ఆ తర్వాత మూడో చలికాలం. ఇప్పుడు లేవదు, ఎవరినీ తరమదు, ఎవరినీ పిలవదు. టోపీ ఉంది, రబ్బరు సంచి ఉంది, ఆ పెద్దాయన కోటు కాళ్ల మీద కప్పుతాను. తలుపు తాళంచెవి నా మెడలోనే ఉంది. ఆయన రోజూ పొద్దున తల్లికి తల దువ్వి, ఎండ పడేచోట కూర్చోబెట్టి దుకాణం తీస్తాడు.

గుడి దగ్గర అడిగినావిడకి నేను చెప్పదలచింది ఇంతే. ఎప్పటికైనా మీ చేతులు ఏదో కట్టబోతే ఒక్క నిమిషం ఆగి, మీ అమ్మ ఎక్కడికి పరుగెడుతోందో అడగండి. పొద్దున అడగండి. నేను ఆలస్యంగా అడిగాను.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నేను గదిలోకి వెళ్తే, అత్త చేతిలో ఏదుంటే అది, చెంచా అయితే చెంచా, రుమాలైతే రుమాలు, నా వైపు చాపుతుంది. మాట రాదు. అందుకుని, నానున్నాను అంటాను. చేతులు ఒళ్లో పడతాయి, కళ్లు మూసుకుంటుంది. ఈ మధ్య నైవేద్యం మళ్లీ నేనే పెడుతున్నాను. ఆవిడతో ఇప్పుడు నేననే మాట అదొక్కటే, అందులో అబద్ధం లేదు.